తమ్ముణ్ణి ఇంగ్లీషులో పొగిడాను

మా తమ్ముడు పెంటయ్యకు గుండె ఆపరేషను చేసి ఇంటికి పంపారని తెలిసి మొన్న అల్లూరు వెళ్ళాను. ఆపరేషను రోజుల్లో మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేక, ఫోన్లో వాడి కోడలి గొంతు విని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. వెళ్ళేసరికి వాడు వరండాలో దిండ్లకు ఆనుకుని రాగిజావ తాగుతున్నాడు. మొహంలో కళ వచ్చింది, బుగ్గలు కాస్త పూడాయి. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆ మాట అనలేదు. "ఏందిరా, ఎండిన కొబ్బరి మట్టలాగా అయిపోయినావు" అన్నాను. "నువ్వేమన్నా తక్కువా అక్కా, చినిగిన చాపలాగా ఉండావు" అన్నాడు వాడు. మా ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన నిలబడ్డ కోడలు మాత్రం బిత్తరపోయింది. ఆమె నెల్లూరు టౌన్లో పుట్టి పెరిగిన పిల్ల. చావు తప్పించుకుని వచ్చిన తమ్ముణ్ణి చూడవచ్చిన అక్క మొదటి మాటే ఇట్లా ఉంటుందా అనుకుని ఉంటుంది. మా ఇంట్లో ముద్దుకు అదే భాష అని ఆమెకు ఎవరు చెప్పాలి.

ఆ మధ్యాహ్నం తమ్ముడి మనవరాలు బడి నుంచి వచ్చి నా ఒళ్ళో ఒక కాగితం పడేసింది. ఇంగ్లీషు హోంవర్కు. చిందరవందరగా ఉన్న మాటలను వరసలో పెట్టాలట. ఎర్ర, పెద్ద, అందమైన, బంతి, వాటితో పాటు ఒక 'ఎ'. ఏది ముందు, ఏది వెనక అని అడిగింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు టీచరుగా బతికినదాన్ని. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ నోటికి వచ్చింది నా క్లాసు పాఠం కాదు, నాకు చెప్పిన మాస్టారి పాఠం. "పెళ్ళి ఊరేగింపు చూశావా? పెళ్ళికొడుకు అందరికంటే చివర వస్తాడు. ముందు దివిటీ, తర్వాత మేళం, తర్వాత పెద్దమనుషులు, ఆ తర్వాత దగ్గర చుట్టాలు. ఆ 'ఎ' దివిటీ. బంతి పెళ్ళికొడుకు" అన్నాను. పిల్ల క్షణంలో వరస పెట్టేసి ఆడుకోవడానికి పరిగెత్తింది. నేను మాత్రం ఆ ఊరేగింపు వెంట మా పాళెం దాకా వెళ్ళిపోయాను.

మా పాళెం మైపాడుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున. తాటాకు ఇళ్ళు, ఇళ్ళ వెనక సర్వి తోపు, అదే సరుగుడు తోపు, ముందు ఇసుక, ఇసుక మీద తెప్పలు. అప్పట్లో వలలన్నీ నూలువే. అవి కుళ్ళిపోకుండా తుమ్మచెక్క వేసి పెద్ద గంగాళాల్లో ఉడికించేవాళ్ళు. ఆ వగరు వాసన, ఎండుతున్న నెత్తళ్ళ, ఆ చిన్న చేపల వాసన, సర్వి కంపల పొగ, ఈ మూడూ కలిసిందే నాకు చిన్నతనం. తెల్లవారుజామున నాయన తెప్ప మీద వెళ్ళేవాడు. పొద్దెక్కాక తిరిగి వచ్చేవాడు. అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఒడ్డున గంపతో నిలబడేది. మా అమ్మ ఇంటి దగ్గర చింతపండు నానేసి, పొయ్యి రాజేసి ఎదురు చూసేది. చేపలు బాగా పడినా పడకపోయినా ఒడ్డున జరిగే సంభాషణ ఒకటే. "ఏం పడిందిరా?" అని ఎవరో అడిగేవాళ్ళు. "ఏముంది, నాలుగు పాడు నెత్తళ్ళు" అనేవాడు నాయన. గంప మీద కప్పిన తడి గోనెపట్టా కింద నిగనిగలాడే పెద్ద పెద్ద వంజరం చేపలు ఉండేవి. అడిగినవాడికీ ఆ సంగతి తెలుసు. వాడి గంప మీదా గోనెపట్టానే ఉండేది.

మంచి మాట నోటితో అనకూడదు. మా పాళెంలో పిల్లలు నడక కంటే ముందు నేర్చుకునేది ఇది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మా అవ్వ రోజుకు ఎన్నిసార్లు అనేదో. కంటి కంటే నోరు ఇంకా చెడ్డది. కొత్త తెప్పను పొగిడితే అది బోర్లాపడుతుంది. కూర బాగుందంటే రేపటి నుంచి కూడు దొరకదు. బిడ్డ బొద్దుగా ఉన్నాడంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకని మాకు ఎంత ఇష్టమైతే అంత చెడ్డ మాట ముందు తగిలించేవాళ్ళం. పాడు తెప్ప, చచ్చు వల, దిక్కుమాలిన కోడిపుంజు. మా తమ్ముడికైతే పుట్టగానే ఆ మాటనే పేరుగా పెట్టేశారు. వాడికి ముందు పుట్టిన మగపిల్లలు దక్కలేదు. వీడు పుట్టగానే అవ్వ వాణ్ణి చేటలో వేసుకుని పోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి ఆమె ఎత్తుకొచ్చింది. మా వాళ్ళు ఆమెకు దోసెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కున్నారు. దేవుడు చూసినా, ఎవరో పారేసిన సరుకే కదా అనుకుని వదిలేయాలని. అట్లా వాడు పెంటయ్య అయ్యాడు. నల్లగా, బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం. "పాడుముండాకొడకా, పాచిమొహమోడా" అని అవ్వ వాణ్ణి ఎత్తుకుని తిప్పుతుంటే ఆ తిట్ల తీపికి నాకు అసూయ పుట్టేది.

ఇట్లాంటి ఊరికి ఇంగ్లీషు చెప్పడానికి దేవసహాయం మాస్టారు వచ్చారు. చర్చి పక్కన పెంకుటింట్లో మా బడి. ఆయనది నెల్లూరు. తెల్ల పంచె, మెడదాకా బొత్తాములు పెట్టిన చొక్కా, ఎండా వానా తేడా లేకుండా చేతిలో గొడుగు. మనిషి మంచివాడు, మెత్తనివాడు. ఒకటే తప్పు, నోరు తెరిస్తే పొగడ్త. వచ్చిన వారంలోనే సముద్రం ఒడ్డుకు పోయి, మా నాయన కొత్తగా కట్టించుకున్న తెప్పను చూసి, "ఎంత బాగుందయ్యా, ఎంత గట్టిగా ఉందయ్యా" అని దాన్ని చేత్తో నిమిరారట. నాయన మొహం మాడిపోయింది. ఆయన అటు తిరగ్గానే తెప్ప చుట్టూ తిరిగి మూడుసార్లు ఉమ్మేసి ఇంటికొచ్చాడు. తర్వాత ఇంటింటికీ పోయి చిన్నపిల్లల్ని చూసి "చందమామ, బంగారుకొండ" అన్నారు. ఇక చూసుకోండి. గొడుగు కనబడితే చాలు, ఆడవాళ్ళు బిడ్డల మీద కొంగు కప్పేవాళ్ళు. గంపల మీద గోనెపట్టాలు పడేవి. పాపం ఆయన, ఈ ఊళ్ళో జనానికి సిగ్గు జాస్తి అనుకున్నారు.

పాఠం మాత్రం గొప్పగా చెప్పేవారు. నల్లబల్ల మీద రాసి వదిలేయడం కాదు, మమ్మల్ని బయట ఇసుకలో వరసగా నిలబెట్టేవారు. అందరిలోకి నేను పొట్టిదాన్ని కాబట్టి ఎప్పుడూ ముందు నిలబడే దివిటీని నేనే. "దివిటీ లేకపోతే ఊరేగింపు చీకట్లో తడుముకుంటుంది. రెండు దివిటీలు కూడా ఉండకూడదు. 'మై' వస్తే 'ఎ' ఇంటికి పోవాలి" అనేవారు. నా వెనక 'గుడ్', దాని వెనక 'బిగ్', 'న్యూ', 'బ్లాక్', చిట్టచివర తెప్ప. ఎవరైనా వరస తప్పి దూరితే గొడుగు కొనతో సున్నితంగా పక్కకు జరిపేవారు. మాకు వరస వారం రోజుల్లో వచ్చేసింది. రానిది ఇంకోటి. "మీ నాయన తెప్ప గురించి చెప్పమ్మా" అంటే నేను ఠక్కున "ఎ బ్యాడ్ బిగ్ న్యూ తెప్ప, సార్" అనేదాన్ని. "కొత్త తెప్ప కదమ్మా, చెడ్డది ఎట్లా అవుతుంది?" "మంచిదే సార్." "మరి గుడ్ అనాలి." నేను తల దించుకునేదాన్ని. నా పక్కవాణ్ణి అడిగితే వాడి వల 'రాటెన్', ఇంకొకడి ఆవు 'అగ్లీ'. క్లాసు మొత్తం ఒక్క మంచి మాట దివిటీ వెనక నిలబడటానికి ఒప్పుకోలేదు. ఆయన చాలా రోజులు దీన్ని ఇంగ్లీషు లోపమే అనుకుని, 'గుడ్' అంటే మంచి, 'బ్యాడ్' అంటే చెడు అని విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ చెప్పారు. చివరికి ఒక పిల్లవాడే, "అట్టా అంటే దిష్టి సార్" అని ఏడుపు గొంతుతో చెప్పాడు. మాస్టారు గొడుగు ఇసుకలో గుచ్చి అట్లాగే నిలబడిపోయారు. అప్పటిదాకా తాను పొగిడిన బిడ్డలందరూ ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటారు.

ఇన్‌స్పెక్టరు గారు బడి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చినప్పుడు ఆయన మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని బతిమాలుకున్నారు. "పిల్లలూ, రేపు ఒక్కరోజుకు మీ అవ్వల మాట పక్కన పెట్టండి. మంచిదాన్ని మంచిదనే చెప్పండి. ఆయనకు మీ సంగతి తెలియదు. మీకు ఇంగ్లీషు రాలేదనుకుని ఈ తరగతి ఎత్తేస్తారు." తరగతి ఎత్తేస్తే మాకు చదువు అక్కడితో సరి. మర్నాడు బడి కిటికీల దగ్గర పాళెం జనమంతా మూగారు. బూట్లేసుకున్న దొరలాంటి మనిషిని చూడటం వాళ్ళకు వేడుక. గుమ్మంలో మా అవ్వ, చంకలో పెంటయ్య. ఇన్‌స్పెక్టరు గారు నన్ను లేపారు. అటూ ఇటూ చూసి వేలు గుమ్మం వైపు చూపించి, ఎవరా పిల్లవాడు, వాడి గురించి చెప్పు అన్నారు ఇంగ్లీషులో. మాస్టారి మొహం చూశాను. చెమటలు పట్టి ఉంది. కళ్ళు మూసుకుని, "హి ఈజ్ ఎ లవ్లీ ఫ్యాట్ లిటిల్ బ్రౌన్ బాయ్, సార్" అన్నాను. ఇన్‌స్పెక్టరు గారు నవ్వి, వెరీ గుడ్ అని చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఏమీ తెలియని అవ్వ కూడా పెంటయ్య రెండు చేతులూ పట్టి చప్పట్లు కొట్టించింది. మా తరగతి నిలిచింది. నేను మాత్రం గుమ్మం వైపు చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే వాడికి ఒళ్ళు వెచ్చబడింది. తెల్లారేసరికి పక్కలెగరేయడం మొదలైంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ చిన్న డొక్కలు లోపలికి పోయి పైకి లేస్తుంటే చూడలేకపోయాం. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు చిటపటమనలేదు, ఘాటూ రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. "ఏ పాపిష్టిదో బిడ్డను నోరారా పొగిడింది" అని అవ్వ ఊరందరినీ శాపనార్థాలు పెట్టింది. నేను మూలన కూర్చుని విన్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా పెదవి దాటిన మాటను మళ్ళీ లోపలికి మింగే దారి నాకు తెలియలేదు. ముందు పోయిన పిల్లల్లాగే వీడూ పోతాడు, నా వల్ల పోతాడు. పదకొండేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద భయం ఏముంటుంది.

బడికి రాలేదేమా అని మాస్టారు మా ఇంటికి వచ్చారు. గొడుగు చూడగానే అవ్వ కొంగు తీసి బిడ్డ మీద కప్పేసింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత ఆయన చేసిన పని నేను ఈ జన్మలో మరచిపోను. మా వైపు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "అమ్మా, నేను బిడ్డను చూడను. ఒక్క మాట కూడా అనను. ఆ ఊపిరి చప్పుడు వింటున్నాను. అది రొమ్ములో చేరిన జ్వరం. దీనికి సూదిమందు ఉంది. ఈ పూట నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతే బతుకుతాడు. నేను వెంట వస్తాను" అన్నారు గోడతోనే. నాయన అవ్వ మొహం చూశాడు, బిడ్డను చూశాడు, లేచి భుజాన వేసుకున్నాడు. అమ్మ దుప్పటి చుట్టి వెంట నడిచింది. మాస్టారు వాళ్ళకు ముందు నడుస్తూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, మైపాడు బస్సు దాకా ఇసుకలో దారి తీశారు.

ఇంట్లో నేనూ అవ్వా మిగిలాం. కబురు లేదు. కబురు తెచ్చే మనిషి లేడు. అవ్వ పొద్దున లేచి అలవాటు ప్రకారం చేపలు ఎండబోసేది, అలవాటు ప్రకారం పొయ్యి రాజేసేది, వండింది ఎవరూ తినకపోతే కాకులకు వేసేది. ఒక మధ్యాహ్నం నెత్తళ్ళు తిరగేస్తున్న అవ్వ దగ్గర కూర్చుని ఇక ఆగలేక చెప్పేశాను.

"అవ్వా, తమ్ముణ్ణి పొగిడింది నేనే."

అవ్వ చేయి ఆగిపోయింది. "యాడ?"

"బళ్ళో. బూట్లాయన అడిగినాడు. నువ్వు గుమ్మంలో ఉన్నప్పుడే."

"నేనుండంగానా? నాకు ఇనపళ్ళేదే. ఏమన్నావు?"

"ఇంగ్లీషులో అన్నా."

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ మాట ఇప్పుడొకసారి అను."

"వద్దవ్వా."

"అనుమే, కామాచ్చీ."

కామాక్షి అవ్వ నోట్లో ఎప్పుడూ కామాచ్చే. నేను అన్నాను. అవ్వ తల పక్కకు వాల్చి, దూరంగా కేకేసేవాళ్ళ మాట వింటున్నట్టు విన్నది.

"ఇందులో మన పిల్లోడు యాడుండాడు?"

"అన్నిటికన్నా చివర. బాయ్."

"ముందుండేవి?"

"ముద్దుగా ఉన్నాడని, లావుగా ఉన్నాడని."

అవ్వ కాసేపు సముద్రం వైపు చూసింది. తర్వాత ఆమె మొహంలో నవ్వులాంటిది మొలిచింది. ఎన్నో రోజుల తర్వాత. "పిచ్చిదానా, సొంత అవ్వను, పక్కనే నిలబడుకోని ఇన్నా నాకే ఒక్క ముక్క అర్థం కాలా. దిష్టికి ఏం అర్థమవతాది? అది మన ఊరి దిష్టి మే. బడికి పోయిందా, సదువుకునిందా. నువ్వన్నది దాని చెవిన పడినా ఏదో కాకి అరిసిందనుకోని పోయుంటాది."

నేను ఆమె ఒళ్ళో తల పెట్టి బావురుమన్నాను. చేపల వాసన వేసే ఆ కొంగులో అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. ఛాతీ మీద పెట్టిన రోలు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. అవ్వ నా వీపు రాస్తూ, "ఆ జ్వరం నీది కాదు మే, గాలిది" అంటూనే ఉంది. అయినా అవ్వ అవ్వే. ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి నెల్లూరు దిక్కుకు ఉప్పు తిప్పుతూ, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి అన్నాక, నా వైపు ఓరగా చూసి, ఎందుకైనా మంచిదని 'ఇంగిలీసు దిష్టి' అని కూడా కలిపింది.

వాళ్ళు ఒక పొద్దు వాలేవేళ వచ్చారు. సర్వి తోపు దాటి ముగ్గురు మనుషులు ఇసుకలో దిగడం ముందు నేనే చూశాను. అవ్వ చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ దూరాన అమ్మ భుజం మీద ఉన్నది బిడ్డో మూటో తెలియడం లేదు. అవ్వ కాళ్ళు ముందుకు పడలేదు. "ఎట్టుండాడురా?" అని కేకేసింది. ఆ కేక సగం గాలిలో పోయింది. మాకు తెలుసు, నాయన మెత్తగా మాట్లాడితే అంతా అయిపోయినట్టు. మా ఊళ్ళో మంచి మాటలు చనిపోయినవాళ్ళకే. నాయన నోరు తెరిచాడు. "ఏం జెప్పమంటావు! ఆసుపత్రోళ్ళు కూడా మాకొద్దని తోలేసినారు. పెంటకుప్ప సరుకు ఎవురికి కావాల!" అన్నాడు. అవ్వ నిలబడినచోటే ఇసుకలో కూలబడి, రెండు చేతులతో నేలను కొడుతూ నవ్వింది, ఏడ్చింది. నేను పరిగెత్తిపోయి చూశాను. పెంటయ్య అమ్మ భుజం మీద చిక్కి సగమై, కళ్ళు మాత్రం విప్పార్చుకుని ఉన్నాడు. నన్ను చూసి నా జడ పట్టుకు లాగాడు.

మాస్టారు కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఇంటికొచ్చారు. ఈసారి అవ్వ కొంగు కప్పలేదు. ఆయన గొడుగు మడిచి, గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలాగా, "ఏం పిల్లవాడమ్మా వీడు, చూడటానికి అచ్చం కాకిపిల్లలాగా ఉన్నాడు" అన్నారు. ఒక్కొక్క మాట అనడానికి ఆయన పడ్డ కష్టం మొహంలో కనబడింది. అవ్వ చాప పరిచింది. చందువ చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాక, "కూర ఏమీ బాగాలేదమ్మా" అన్నారు. ఆ మాటతో ఆయన మా పాళెం మనిషైపోయారు. అప్పటి నుంచి ఏ ఇంట్లోనూ ఆయన గొడుగుకు కొంగులు కప్పలేదు.

అసలు చిత్రం తర్వాత మొదలైంది. ఒక సాయంత్రం పెంటయ్యకు అన్నం కలుపుతూ అవ్వ నన్ను పిలిచింది. "కామాచ్చీ, ఆ ఇంగిలీసు మాట వాడితో అనుమే" అంది. ఎందుకవ్వా అన్నాను. "ఎందుకంటే ఏం జెప్పేది. కడుపులో ఉంటాది, నోటికి రానీకూడదు. ఎన్నాళ్ళని తిట్టేది బిడ్డను. దిష్టికి తెలీని బాస నీకొచ్చు. నా బదులు నువ్వను" అంది. అప్పుడు నాకు అర్థమైంది, నా చిన్న బుర్రకు అర్థమైనంత మేరకు. ఈ మనిషి ఇన్నేళ్ళూ ప్రేమను తిట్ల కింద, చేపల్ని గోనెపట్టా కింద దాచినట్టు దాచుకుని బతికింది. ఇక రోజూ అదే పని. నేను నిలబడి చెప్పేదాన్ని, అవ్వ ముద్ద పట్టుకుని వినేది, పెంటయ్య నోరు తెరుచుకుని కూర్చునేవాడు. కొన్నాళ్ళకు అవ్వే నేర్చుకుంది. "ఎ లవ్విలీ పాటు లిట్టిలు బవును బాయి" అనేది. వరస ఎప్పుడూ తప్పలేదు. దివిటీని ఎప్పుడూ వదిలిపెట్టలేదు. తర్వాత పై క్లాసుల్లో నేను చదువు చెప్పిన పట్నం పిల్లలు చాలామంది ఆ 'ఎ'ను వదిలేసేవాళ్ళు.

మా బడిలో ఉన్న తరగతులు అయిపోయాక నన్ను నెల్లూరు హాస్టల్లో చేర్చారు. అదీ మాస్టారి చలవే. బస్సెక్కే రోజు ఇంటిల్లిపాదీ వచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మంచి మాట సరే, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆడపిల్లకు దిష్టి ఏం తగులుతుందిలే అని కాబోలు, మా ఇంట్లో నా పేరు ముందు ఎవరూ ఏ మాటా తగిలించేవాళ్ళు కాదు. దివిటీ మోసేవాణ్ణి పెళ్ళిలో ఎవరు చూస్తారు. అవ్వ నా తలకు నూనె రాసి, ఎండుచేపల మూట చేతికిచ్చి, పోయిరా అంది. అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట తలుచుకుని ఏడ్చాను. అవ్వ తర్వాత కొన్నేళ్ళే ఉంది. నేను టీచరునై మొదటి జీతం తీసుకునేసరికి లేదు.

ఇప్పుడు పొగడ్తకు కరువు లేదు. తమ్ముడి మనవరాలు బంతి బొమ్మ గీస్తే ఆమె టీచరు నక్షత్రం అంటిస్తుంది, తల్లి ఫోటో తీసి అందరికీ పంపుతుంది, అవతల నుంచి ఎవరెవరో సూపర్ అంటారు. ఆ పిల్లకు దిష్టి తగలడం లేదు, హాయిగా ఉంది. ఆపరేషను చేసిన డాక్టరు మా తమ్ముడి ఎదుటే, చాలా బాగున్నారండీ అన్నాడట. ఏమీ కాలేదు. సూదిమందు దొరికే ఊళ్ళో తిట్లతో పనేముంది. ఆ కాలం తిరిగి రావాలని నేను అనను. అప్పుడు పిల్లలు పోయేవాళ్ళు, అందుకే ఆ భయం. భయం పోయిందంటే పిల్లలు ఉంటున్నారని. అంతకంటే ఏం కావాలి.

ఇదంతా కోడలికి చెబుతుంటే తమ్ముడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. బస్సు దగ్గర నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదన్నప్పుడు కళ్ళు తెరిచాడు.

"అక్కా, నీకొక సంగతి తెలీదు" అన్నాడు. "నువ్వు పోయినాక అవ్వ నాకు తిన్నగా అన్నం పెట్టేది కాదు. ముద్ద చేత్తో పట్టుకోని, ముందు నెల్లూరు దిక్కుకు తిరిగి ఆ ఇంగిలీసంతా చెప్పేది. ఆఖర్న బాయి అనకుండా, నువ్వు ఆడపిల్లవని గరలు అనేది. ఆ తర్వాత నా దిక్కుకు తిరిగేది. నాకు ఆకలయ్యేది. అవ్వా, అక్క ఈడ లేదు గదా, ముందు నాకు చెప్పు అంటే, దూరాన ఉండేదానికి ముందు చెప్పాలరా, పొద్దుగూకితే చేరదు అనేది."

"'పాటు' అని, లావని కూడా అనేదా? నేను పుల్లలాగా ఉండేదాన్ని కదరా" అన్నాను.

"అనేది. హాస్టలు కూటికి చిక్కిపోయుంటాదని, ఆ మాట రెండుసార్లు అనేది."

ఇన్నేళ్ళూ మా ఇంట్లో నన్నెవరూ పొగడలేదనుకుంటూ బతికాను. నా తమ్ముడు రోజూ సాయంత్రం ఆకలితో కూర్చుని, అదంతా అయ్యేదాకా విన్నాడు.